వేలిటోపీ చప్పుడు

“గడియ ఎక్కడ పెట్టాలో మీలో ఎవరో ఒకరు తేల్చండి. ముగ్గురూ మూడు చోట్లు చెబితే మూడు గడియలూ బిగించేసి నా దారిన నేను పోతాను,” అన్నాడు వడ్రంగి, చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకుంటూ.

ఊడిన వీధి తలుపు ముందుగదిలో గోడకి ఆనించి ఉంది. ద్వారబంధానికి నేను కట్టిన దుప్పటి గాలికి లోపలికీ బయటికీ ఊగుతోంది. మెట్ల మీద ఎవరు నడిచినా మా గదిలోనే నడుస్తున్నట్టుంది. తలుపు లేని కొంపలో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని మొన్నటినుంచీ ఎలా ఉన్నానో నాకే తెలుసు.

“పైన పెట్టు. నా తల ఎత్తున,” అన్నారు మా ఆయన. ప్రెస్సులో మెషీను పక్కన నిలబడి రోజంతా అరిచి మాట్లాడే మనిషి. ఇంట్లో మామూలు మాట కూడా కేకలాగే వస్తుంది. “పిల్లల చెయ్యి అందకూడదు. స్టూలు ఎక్కినా అందకూడదు.”

“అసలు లోపల గడియ దేనికి?” అన్నారు, సంగతి తెలిసి నిన్న ఊరినుంచి వచ్చిన అత్తయ్య. “బయట గొళ్లెం ఒకటి చాలు. ఇంట్లో మనుషులుండగా లోపల గడియలేమిటి, జైలులాగా?”

ఇద్దరూ నా వైపు చూశారు. వడ్రంగి కూడా చూశాడు.

“పాత చోటే,” అన్నాను.

“పాత చోటంటే ఇదేగా అమ్మా,” అని వడ్రంగి వంగి, తలుపు మీద తన మోకాలికి కాస్త పైన ఉన్న గడియని గోటితో కొట్టాడు. “పెట్టినప్పుడే అడిగాను, ఇది ఇంటి గడియా, కోళ్లగూడు గడియా అని. అయ్యగారు పడీ పడీ నవ్వారు.”

ఇప్పుడు అయ్యగారు నవ్వలేదు.

“పాత చోటు!” అన్నారు. “వాడి మొహం చూసి కూడా ఆ మాట ఎలా వచ్చిందే నీ నోట్లోంచి?”

చిన్నోడు వడ్రంగి పక్కన కూర్చుని, రంపం కింద రాలిన పొట్టుని గుప్పిళ్లతో ఎత్తి బొమ్మ లారీలో నింపుకుంటున్నాడు. తన మాట వచ్చిందని తెలిసి తలెత్తాడు. ఎడమ కనుబొమ మీద ఊదారంగు వాపు, దాని మధ్యలో నల్లదారపు కుట్లు.

“నాకు చీమలున్నాయి,” అన్నాడు వడ్రంగితో, వేలితో చూపించి.

“అబ్బో! కరుస్తాయా?”

“ఊహూఁ. పడుకున్నాయి.”

వడ్రంగి నవ్వబోయి మా మొహాలు చూసి, మేకులు వెతుక్కోవడంలో పడ్డాడు.

“చెప్పు,” అన్నారు ఆయన. “ఇవాళ నువ్వు జవాబు చెప్పాలి. అరిచి అరిచి నా గొంతు పోయింది ఆరోజు. నా ఇంటి ముందు నేను నిలబడి, నా కూతుర్ని బతిమాలుకున్నాను. ‘నాన్ననే పిచ్చుకా, తియ్యి తల్లీ’ అని. లోపల చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఎదురింటివాళ్లు బయటికొచ్చి నన్ను అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఏమనుకోను నేను? గ్యాసు లీకైందనుకోనా? ముగ్గురూ పోయారనుకోనా?”

“నేను కిందే ఉన్నాను కదండీ. టైలరు కొట్లో. కాజాలు కుట్టిన చొక్కాలు ఇచ్చి రావడానికి దిగాను. కుట్టుమెషీన్ల మోతలో మీ కేకలు నాకు వినబడలేదు. ఒక్కసారి మెట్లు దిగి చూసుంటే...”

“నువ్వు కిందున్నావని నాకు కలొచ్చిందా?”

ఎప్పుడూ చీకటి పడ్డాక వచ్చే మనిషి ఆరోజు కరెంటు పోయిందని మధ్యాహ్నమే వస్తారని నాకు మాత్రం కలొచ్చిందా?

“సరే, దొంగలకి తియ్యొద్దన్నావు, బాగుంది. పక్కింటివాళ్లకి తియ్యొద్దన్నావు, అదీ బాగుంది. నాకెందుకు తియ్యొద్దన్నావు? నేనేం చేశాను మీకు?”

ఈ ప్రశ్న మొన్నటినుంచీ ఇంట్లో తిరుగుతూనే ఉంది. పాలు కాస్తుంటే పక్కనే నిలబడింది. పిల్లవాడికి మందు వేస్తుంటే చెంచా పట్టుకుంది. నేను జవాబు చెప్పకుండా తప్పించుకుంటూనే ఉన్నాను.

“మీకని కాదు,” అన్నాను. “ఎవరికీ వద్దన్నాను. గొంతుని నమ్మొద్దన్నాను.”

“నా గొంతు దానికి తెలియదా?”

“మీరే కదండీ నేర్పింది, గొంతు ఎవరిదైనా చెయ్యొచ్చని! పెళ్లైన కొత్తలో బయట నిలబడి ‘అమ్మా, కొట్లోంచి వచ్చానమ్మా, చొక్కాలు’ అని టైలరు గొంతుతో అడిగితే నేను చొక్కాలు పట్టుకుని తలుపు తీశాను. మీరు మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. మీరు టైలరులా చెయ్యగలిగితే మీలా ఇంకొకడు చెయ్యలేడా?”

ఆయన తల్లి వైపు తిరిగారు.

“విన్నావా అమ్మా?” అన్నారు, నన్ను చూడకుండా. “నవ్వించడానికి చేసిన పని, అది కూడా నా నెత్తికే చుట్టుకుంది.”

నా కుడిచేతి నడిమి వేలికి ఇత్తడి తొడుగు ఉంటుంది. సూది గుచ్చుకోకుండా పెట్టుకుంటాను. పిల్లలు దాన్ని వేలిటోపీ అంటారు. నేను కిందికి దిగగానే పిచ్చుక లోపల గడియ వేసుకుంటుంది. నేను తిరిగొచ్చి ఆ టోపీతో తలుపు మీద మూడుసార్లు కొడితే తీస్తుంది. ఆ చప్పుడు వినబడకపోతే, ఎవరు ఏ గొంతుతో పిలిచినా, తమ్ముణ్ణి తీసుకుని మంచం కిందికి దూరి కిక్కురుమనకుండా కూర్చోవాలి.

అది నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. తమ్ముడి నోరు చేత్తో మూసింది. వాడు ఆ చెయ్యి కొరికి, ‘నాన్న!’ అంటూ తలుపు దగ్గరికి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే ఆయన భుజం దెబ్బకి తలుపు ఊడి వాడి మీద పడింది.

ఆరోజునుంచి పిచ్చుక మంచం కిందే ఉంటోంది. తిండికీ స్నానానికీ నేను లాగితే వస్తుంది. మాట లేదు. ఆయన గొంతు వినబడితే ఇంకా లోపలికి, గోడ వారకి జరుగుతుంది.

“పిచ్చుకా,” అని ఆయన ఇప్పుడు కూడా నేల మీద మోకాళ్లు వేసి, మంచం కిందికి తల పెట్టి పిలిచారు. ఆ పిలుపులో కేక లేదు. “రా తల్లీ. నాన్న ఏమీ అనడు. బిస్కెట్లు తెచ్చాను చూడు.”

మంచం కింద ట్రంకుపెట్టె వెనకనుంచి గౌను అంచు ఒకటి మెల్లిగా లోపలికి లాక్కోబడింది.

లేచేటప్పుడు మొహం నాకు కనబడకుండా అటు తిప్పుకున్నారు. బిస్కెట్ల పొట్లం మంచం మీద పెట్టారు.

“సాయంత్రం బస్సుకి అమ్మతో పంపేస్తున్నాను,” అన్నారు. “దాని బట్టలు సర్దు.”

“వారం రోజులకా?”

“అక్కడే బళ్లో వేస్తారు.”

“బళ్లోనా?” మంచానికి అడ్డంగా నిలబడ్డాను. “అంటే ఎన్నాళ్లకి? దానికి అయిదేళ్లండీ. రాత్రి నా చెవి పట్టుకుంటే గాని నిద్రపోదు.”

“అందుకే పంపుతున్నాను. అది మనిషి కావాలంటే కొన్నాళ్లు నీకు దూరంగా ఉండాలి.”

వడ్రంగి సుత్తి ఆగింది. ఆ మాట వాడు కూడా విన్నాడు. పరాయివాడి ముందు అన్నారు ఆ మాట.

అత్తయ్యగారి ఇల్లు నా కళ్ల ముందు తిరిగింది. పెరట్లో మూత లేని నీళ్లతొట్టి. నేల మీదే వెలిగే స్టవ్వు. పక్కింటివాళ్లు కట్టెయ్యని కుక్క. వీధి తలుపు పొద్దున తీస్తే మళ్లీ పడుకునేటప్పుడే వేస్తారు. దానికంటే ముందు బస్సు. కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయట పెడితే? మధ్యలో ఎక్కడో బస్సు ఆగినప్పుడు అత్తయ్య కునుకు తీస్తే? అది దిగిపోతే?

“అత్తయ్యా, మీరైనా చెప్పండి. కావాలంటే నేను కాజాల పని మానేస్తాను. కిందికి దిగనే దిగను.”

“నువ్వు దిగడం తప్పని ఎవరన్నారు అమ్మాయ్?” అన్నారు ఆవిడ, పిచ్చుక గౌన్లు ఒళ్లో పెట్టుకుని మడతలు పెడుతూ. ఆ మడతల్లో తొందర లేదు. “దిగు. ఎక్కు. పని చేసుకో. పిల్లల గుండెల్లో రాయి వెయ్యకు, అంతే. నేను నలుగురిని పెంచాను. తలుపులు బార్లా తీసి పెంచాను. నలుగురూ వీధిలోనే తిరిగారు. ఎవడూ ఎత్తుకుపోలేదు.”

“నలుగురు కాదు అత్తయ్యా,” అన్నాను. “అయిదుగురు.”

అనేశాను. అన్నాక వెనక్కి తీసుకునే మాట కాదది.

ఆవిడ చేతిలో గౌను ఆగిపోయింది. ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోలేను. ఆయన వెనకపుట్టిన తమ్ముడొకడు, నడక వచ్చిన కొత్తలో, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి నడుచుకుంటూ పోయి కాలవలో పడ్డాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో చెప్పారు. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నేనూ ఇన్నేళ్లూ ఎత్తలేదు. కానీ పిచ్చుక పుట్టిన రోజునుంచి ఆ పిల్లవాడు నా కళ్ల ముందు నడుస్తూనే ఉన్నాడు.

గదిలో రంపపు పొట్టు మీద బొమ్మ లారీ చక్రాల చప్పుడొక్కటే.

“అయిదుగురే,” అన్నారు అత్తయ్య. “నేను లెక్క మరిచిపోయాననుకున్నావా?”

“అమ్మా, వదిలెయ్,” అన్నారు ఆయన.

“వదిలెయ్యడానికేముందిరా. ఎత్తింది కాబట్టి చెబుతున్నాను. వాడు పోయాక నేనూ తలుపు వేశాను అమ్మాయ్. నీకంటే గట్టిగా వేశాను. మిగిలిన నలుగురినీ ఒక గదిలో పెట్టి, బయట గొళ్లెం పెట్టి, ఆ గుమ్మంలోనే పడుకునేదాన్ని. కొన్ని నెలలు. అప్పుడు మీ ఆయన మాట మానేశాడు. నీ కూతురిలాగే. పిలిస్తే గోడకేసి తిరిగి కూర్చునేవాడు.”

ఆయన దుప్పటి పక్కకి తోసి మెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆయన.

“ఆ తరువాత తలుపు తీసేశాను. పోతే పోనీ అని తీశాను. భయం లేక కాదు. వీడు మొదట పిల్లిలా అరిచాడు. తరువాత పాలవాడిలా. ఆ తరువాత ఎదురింటి ముసలాయనలా. వీడి సొంత గొంతు వీడికి అన్నిటికంటే చివర వచ్చింది. నువ్వు నమ్మొద్దన్నావే, ఆ గొంతు.”

నేను ఆవిడ కాళ్ల మీద పడవలసింది. పడలేదు. నాకు ఒకటే అనిపించింది: ఇంత తెలిసిన మనిషి కూడా నా పిల్లని పట్టుకుపోతానంటోంది.

“బస్సు టిక్కెట్లు తీసుకొస్తాను,” అని ఆయన చెప్పులేసుకున్నారు. వడ్రంగితో, “పైన ఒకటి పెట్టు. కిందిది పీకేసి పారెయ్,” అని చెప్పి, నాతో ఏమీ చెప్పకుండా దిగిపోయారు.

అత్తయ్య స్నానానికి వెళ్లారు.

వడ్రంగి చీలిన ద్వారబంధానికి కొత్త ముక్క అతికించి, తలుపు నిలబెట్టి, మడతబందులు బిగించాడు. ఆయన చెప్పిన చోట, పైన, కొత్త గడియ వేశాడు. తరువాత స్క్రూడ్రైవరు పట్టుకుని కింద కూర్చున్నాడు.

“అది ఉండనియ్యి,” అన్నాను.

“అయ్యగారు పీకెయ్యమన్నారు కదమ్మా.”

“నేను చెప్పుకుంటాను. ఇంకా గట్టిగానే ఉంది కదా. ఉండనియ్యి.”

వాడు నన్నూ గడియనీ మార్చి మార్చి చూశాడు. “నాకు పనే కదమ్మా తగ్గేది,” అని లేచి, సామాను సంచిలో వేసుకున్నాడు. చిన్నోడి లారీలో పట్టినంత పొట్టు పోసి, “యజమానీ, వెళ్లొస్తా. చీమలు జాగ్రత్త,” అని వెళ్లిపోయాడు.

ఎందుకు ఉండనిమ్మన్నానో నాకే తెలియదు. పిచ్చుక ఎలాగూ వెళ్లిపోతోంది. చిన్నోడికి ఇంకా ఆ గడియ జరిపే బలం లేదు. అది అక్కడ ఉంటే పిల్ల మళ్లీ వస్తుందనిపించింది కాబోలు.

నేను నేల మీద పడుకుని మంచం కిందికి జరిగాను. దుమ్ము, పాత చెప్పుల వాసన. ట్రంకుపెట్టె వెనక పిచ్చుక మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. దువ్వెన తీసి దాని జుట్టు చిక్కు తియ్యడం మొదలుపెట్టాను. అంత ఇరుకులో నా మోచెయ్యి పైనున్న చెక్కకి తగులుతూనే ఉంది.

“నానమ్మ ఇంటి గడియ ఎక్కడుంటుంది?” అంది.

మొన్నటినుంచి అది మాట్లాడిన మొదటి మాట. గుసగుస.

“పైన ఉంటుందమ్మా.”

“మరి నేనెలా వేసుకోను?”

“నువ్వు వేసుకోనక్కర్లేదు. నానమ్మ ఉంటుంది కదా.”

ఆలోచించింది. “నీ టోపీ చప్పుడు అక్కడికి వినబడుతుందా?”

ఇక్కడే నేను చెప్పవలసింది ఒకటుంది. టోపీ గీపీ ఏమీ లేదమ్మా, అక్కడ నానమ్మ పిలిస్తే వెళ్లు, నాన్న పిలిస్తే వెళ్లు, అందరితో ఆడుకో అని. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ నీళ్లతొట్టి, ఆ కుక్క, ఆ తెరిచిన తలుపు. భయం ముందు మాట్లాడేసింది.

“నేనే వస్తాను. వచ్చి తలుపు మీద ఈ చప్పుడు చేస్తాను. అప్పుడు నాతో వచ్చెయ్. వేరే ఎవరు తీసుకెళతామన్నా వెళ్లకు.”

“టోపీ ఎవరైనా దొంగిలిస్తే?”

నా కడుపున పుట్టిన పిల్ల అది. నాకు తట్టనివి కూడా దానికి తడతాయి.

“అప్పుడు గొంతు కూడా విను. చప్పుడూ గొంతూ రెండూ ఉంటేనే నేను.”

“రెండూ దొంగిలిస్తే?”

ఏం చెప్పను? చెప్పకపోతే ఊరుకోదు.

“నేనైతే నీకు అబద్ధం చెప్పను,” అన్నాను. “అదే గుర్తు.”

తల ఊపింది. అది తల ఊపిందంటే ఆ మాట లోపల ఎక్కడో పెట్టి తాళం వేసుకున్నట్టే.

ఆయన టిక్కెట్లతో వచ్చేసరికి పిచ్చుక జడలు వేయించుకుని, బూట్లు వేసుకుని, ముందుగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడలేదు గాని పారిపోనూ లేదు. అంతకే ఆయన మొహం వెలిగింది.

“చూశావా, అప్పుడే సగం నయమైంది,” అన్నారు, మొన్నటినుంచి మొదటిసారి నాతో కాస్త మెత్తగా. ఆ మెత్తదనం చూస్తే ఇంకా ఏడుపొచ్చింది నాకు.

“ఆటో కింద నిలబడి ఉంది. పద, పద,” అని సంచులు ఎత్తుకున్నారు. అత్తయ్య బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని చెప్పుల పట్టీలు పెట్టుకుంటున్నారు. నీళ్ల సీసా మరిచిపోయారని నేను దాన్ని పట్టుకుని ఆయన వెనకే గుమ్మం దాటాను. మెట్ల మలుపు దగ్గర సంచిలో దూర్చాను.

“కిటికీ పక్కన కూర్చోబెట్టొద్దని అత్తయ్యకి చెప్పండి. దారిలో బస్సు ఆగితే దింపొద్దనండి. నీళ్లు కాచినవే...”

“తెలుసు, తెలుసు.”

“తొట్టికి మూత...”

“తెలుసే!”

మా వెనక తలుపు మూసుకుంది. గాలికనుకున్నాను. ఆ తరువాత, తక్కువ ఎత్తులో, గడియ జరిగిన చప్పుడు.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నేను నేర్పినదే.

ఆయన సంచులు అక్కడే పడేసి పైకి వచ్చారు. తలుపు తోశారు. కదల్లేదు. పై గడియ ఎవరూ వెయ్యలేదని ఆయనకీ తెలుసు. మెల్లిగా నా వైపు తిరిగారు.

“పీకెయ్యమన్నాను కదా.”

నేను వెళ్లి తలుపుకి చెవి ఆనించాను.

“వాడితో పీకెయ్యమని చెప్పి వెళ్లానా లేదా?”

“ఉండనిమ్మన్నాను.”

“ఎందుకు?”

అత్తయ్య ఒక చెప్పుతోనే లేచి వచ్చారు. “ఇప్పుడా గొడవ? ముందు పిల్లల్ని పిలవండి.”

“పిచ్చుకా!” అని ఆయన అరిచారు. మెట్లన్నీ మోగాయి. “తలుపు తియ్యి! బస్సు పోతుంది!”

లోపల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కూడా నేను నేర్పినదే. ఎదురింటి తలుపు సందు చేసుకుని రెండు కళ్లు చూస్తున్నాయి.

“పిచ్చుకా, నానమ్మనమ్మా. తియ్యమ్మా. వెళ్లొద్దులే, ఊరికే తియ్యి.”

ఏమీ లేదు.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. భుజం ముందుకి తిప్పారు. సరిగ్గా అప్పుడే తలుపు కింద సందులోంచి నాలుగు చిన్న వేళ్లు బయటికి వచ్చాయి. రంపపు పొట్టు అంటిన వేళ్లు.

“వేళ్లు!” అని అడ్డంగా పడ్డాను. “చిన్నోడు తలుపు వెనకే ఉన్నాడు! మీకు పుణ్యముంటుంది, గుద్దకండి!”

“నాన్నా,” అని లోపలినుంచి చిన్నోడు ఆనందంగా పిలిచాడు. వెంటనే వాడి నోరు ఎవరో మూసినట్టు ఆ పిలుపు ఆగిపోయింది. వేళ్లు లోపలికి లాక్కోబడ్డాయి.

ఆయన ఒగరుస్తున్నారు. నా చేతి వైపు చూశారు. వేలికున్న ఇత్తడి తొడుగు వైపు.

“కొట్టు,” అన్నారు. “ఇది నీ తాళం కదా. నువ్వే తియ్యి.”

కొడితే పిల్ల తీస్తుంది. తీస్తే ఎత్తుకుని ఆటోలో కూర్చోబెడతారు. నన్ను నమ్మి తీసిన తలుపులోంచే తీసుకెళతారు. కొట్టకపోతే ఈయన భుజం, వెనకాల చిన్నోడు, ఇంకా ఆరని ఆ కుట్లు.

“కొట్టమ్మా,” అన్నారు అత్తయ్య. ఆవిడ గొంతులో కోపం లేదు.

మూడుసార్లు కొట్టాను. టక్. టక్. టక్.

లోపల చిన్న అడుగులు, బూట్లతో. తలుపు దగ్గర ఆగాయి. గడియ మీద చెయ్యి పడిన చప్పుడు.

“అమ్మా?”

“నేనేనమ్మా. తియ్యి.”

“నువ్వొక్కదానివేనా?”

ఆయన నా కళ్లలోకి చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. అత్తయ్య పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని, అయిదేళ్ల పిల్ల ముందు దొంగల్లా నిలబడ్డాం.

“ఒక్కదాన్నేనమ్మా,” అన్నాను. “ఎవరూ లేరు.”

గడియ కదిలింది. సగం దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడు అత్తయ్య ఒంటికాలి చెప్పు మెట్టు మీద జారింది. పడిపోకుండా ఆయన పట్టుకున్నారు. పెద్ద చప్పుడేమీ కాదు. చెప్పు ఒకటి కింది మెట్టు మీద పడింది, అంతే.

గడియ ఆగింది. ఒక్క క్షణం అలాగే ఆగి, మళ్లీ వెనక్కి, మొదటి చోటికి పోయింది.

“పిచ్చుకా,” అన్నాను. “అమ్మనే కదా తల్లీ. నా గొంతు తెలియడం లేదా?”

“నువ్వు అమ్మవి కాదు,” అంది లోపలినుంచి. మొన్నటినుంచి లేని గొంతు, ఇప్పుడు గట్టిగా, స్పష్టంగా వచ్చింది. “అమ్మ గొంతు చేస్తున్నావు. అమ్మ నాకు అబద్ధం చెప్పదు.”

నేను తలుపుకి నుదురు ఆనించాను. చెయ్యి దానంతటదే లేచి మళ్లీ టోపీతో కొట్టింది. టక్. టక్. టక్.

అటునుంచి బూట్లు వెనక్కి వెనక్కి జరుగుతున్నాయి. వాటితోపాటు నేల మీద ఈడ్చుకుపోతున్న బొమ్మ లారీ చక్రాలు. ఆ తరువాత గది లోపల, మంచం దాకా వెళ్లాక, పిచ్చుక ఏడుపు మొదలైంది.

“ఆ టోపీ మా అమ్మది,” అంటోంది. “మా అమ్మని ఏం చేశారు? మా అమ్మని ఏం చేశారు?”